అమ్మకం ఆగిన విడిభాగాల కొలతలను వరంగల్‌లోనే భద్రపరచాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. ఉత్తర తెలంగాణ ఇళ్లలో అటకల మీద మూలనపడి ఉన్న పాత రేడియో కంట్రోల్ కార్ల గురించి, వాటిని మళ్లీ నడిపించడానికి కావలసిన విడిభాగాలు దొరకని పరిస్థితి గురించి, దానికి మన ప్రాంతంలోనే చేయదగిన పని గురించి మీ పత్రిక ద్వారా పాఠకులకు, విద్యాసంస్థల పెద్దలకు విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. వృత్తివిద్యా సంస్థలో విద్యార్థులకు లేత్, ఫిట్టింగ్ పనులు నేర్పి పదవీ విరమణ చేసిన నేను ఈ కార్లను బాగుచేయడంలో చాలాకాలంగా నిమగ్నమై ఉన్నాను. ఇది పిల్లల ఆటవస్తువుల ముచ్చటే కదా అని ఈ లేఖను పక్కన పెట్టవద్దని మొదటే మనవి చేస్తున్నాను.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లినవారు ఎనభైలలో, తొంభైలలో సెలవు మీద వచ్చేటప్పుడు టేప్ రికార్డర్లతో, దుప్పట్లతో పాటు పిల్లల కోసం జపాన్ తయారీ రిమోట్ కార్లు కూడా తెచ్చేవారు. ఎడారి ఎండలో సంపాదించిన డబ్బుతో కొన్న వస్తువు కనుక ఎన్నో ఇళ్లలో వాటిని పెట్టెతో సహా దాచి ఉంచారు. ఇప్పుడు ఆ పాత ఇళ్లను తీసి కొత్తవి కట్టుకుంటున్న సమయంలో అవి పాతసామాన్ల బండి మీదికి చేరి, తూకం లెక్కన ప్లాస్టిక్ తుక్కుగా వెళ్లిపోతున్నాయి. బండి మీద నుంచి నేను తీసుకున్న కార్లను విప్పి చూసినప్పుడు చాలావాటిలో పాడైనది ఒక్క గేరు, లేదా ఒక్క తీగ, లేదా బ్యాటరీ కారి తుప్పుపట్టిన ఒక రేకు మాత్రమే. మిగిలిన యంత్రమంతా చెక్కుచెదరకుండా ఉంది. ఆ ఒక్క భాగం ఎక్కడా దొరకదన్న కారణంతో మొత్తం కారు తుక్కుగా మారుతోంది.

ఈ కార్లలో రెండు తెగలున్నాయి. నిక్కో, తైయో వంటి జపాన్ కంపెనీలు తయారుచేసి, పెట్టె విప్పగానే ఆడుకునేలా అమ్మినవి మొదటి తెగ. మన ప్రాంతానికి వచ్చినవాటిలో నేను చూసినంతవరకు ఎక్కువ ఇవే. విడిభాగాలన్నింటినీ పెట్టెలో పెట్టి, కొన్నవారే బిగించుకునేలా ఇచ్చిన కిట్లు రెండో తెగ. జపాన్‌లోని షిజువోకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన టామియా సంస్థ 1976లో పోర్షె 934 నమూనాతో ఈ రంగంలోకి దిగింది. అదే సంస్థ 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే ఇసుక కార్లను, 1983లో ఫ్రాగ్‌ను, 1984లో గ్రాస్‌హాపర్, హార్నెట్ అనే కార్లను విడుదల చేసింది. క్యోషో అనే మరో జపాన్ కంపెనీ 1982లో స్కార్పియన్‌ను తెచ్చింది. అమెరికాలో 1984లో వచ్చిన ఆర్‌సీ10 అనే కారు అల్యూమినియం రేకు ఛాసిస్‌తో, అంటే అడుగు చట్రంతో, ఈ కార్ల పందేల రూపురేఖలనే మార్చింది. కిట్టుతో వచ్చే పుస్తకంలో ప్రతి భాగానికి ఒక సంఖ్య, అది ఎక్కడ కూర్చుంటుందో చూపే పటం ఉండేవి. విరిగిన భాగాన్ని మార్చుకుంటూ కారును ఏళ్ల తరబడి నడపాలన్నదే ఆ తయారీదారుల ఉద్దేశం. మొదటి తెగ కార్లకు ఈ సౌకర్యం లేదు. వాటికి విడిభాగాలు విడిగా అమ్మినదే అరుదు. అంటే గల్ఫ్ నుంచి మన ఇళ్లకు వచ్చిన కారులో గేరు పన్ను ఊడితే, ఆ గేరును కొలిచి కొత్తది చేసుకోవడం తప్ప అప్పుడూ ఇప్పుడూ వేరే దారి లేదు.

కిట్ కార్ల పరిస్థితి కొంత మెరుగనే చెప్పాలి. టామియా సంస్థ ఈ శతాబ్దం తొలి దశకం నుంచి తన పాత కార్లలో కొన్నింటిని మళ్లీ తయారుచేసి అమ్ముతోంది. గ్రాస్‌హాపర్ మొదటి పెట్టె మీద 58043 అనే సంఖ్య ఉంటే, మళ్లీ విడుదల చేసిన పెట్టె మీద 58346 అని ఉంటుంది. కొత్త విడుదల వల్ల పాత కారుకు సరిపోయే భాగాలు కొన్ని తిరిగి మార్కెట్‌లోకి వచ్చాయి. అయితే అన్నీ రాలేదు, వచ్చినవన్నీ పాతవాటిలా లేవు. 1983 నాటి ఫ్రాగ్ కారులో వెనుక చక్రాలకు శక్తినందించే షాఫ్టుల చివరలు ఆరు పలకలుగా ఉండేవి. ఆ పలకలు అరిగిపోయి షాఫ్టు జారిపోవడం ఆ కారుకు ఉన్న ప్రసిద్ధ లోపం. 2005 విడుదలలో కంపెనీ ఆ అమరికనే మార్చి, చివరన అడ్డపుల్ల ఉన్న షాఫ్టులను పెట్టింది. నడిపేవారికి అది మేలే. కానీ మొదటి కారును ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టాలనుకునేవారికి ఆ ఆరు పలకల షాఫ్టు కొత్త పెట్టెలో దొరకదు. పైగా ప్లాస్టిక్ భాగాలను ఒక చట్రానికి అతుక్కుని ఉన్న గుత్తులుగా అమ్ముతారు కాబట్టి, గోరంత ముక్క కోసం గుత్తి మొత్తం కొనాలి. ఆ గుత్తి అమ్మకం ఆగిపోతే అందులోని గోరంత ముక్క కూడా ఆగిపోయినట్టే.

దొరకని భాగాల గురించి చెప్పే ముందు, దొరికే భాగాలు ఇంకా ఎందుకు దొరుకుతున్నాయో చెప్పాలి, ఎందుకంటే నా విన్నపానికి ఆధారం అక్కడే ఉంది. ఈ కార్లలో ఎక్కువగా వాడిన 540 మోటారును చూడండి. దాని డబ్బా వ్యాసం సుమారు 36 మిల్లీమీటర్లు, షాఫ్టు వ్యాసం 3.175 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, బిగించే రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 25 మిల్లీమీటర్లు. ఈ కొలతలు ప్రపంచమంతటికీ తెలిసినవి కావడం వల్ల ఇవాళ ఏ దేశంలో తయారైన 540 మోటారైనా 1984 నాటి కారులో ఏ మార్పూ లేకుండా కూర్చుంటుంది. బేరింగుల సంగతి కూడా అంతే. ఈ కార్లలో కంచు లేదా ప్లాస్టిక్ బుష్‌లు, అంటే షాఫ్టు తిరిగే రింగులు, ఉన్న చోట లోపలి వ్యాసం 5, వెలుపలి వ్యాసం 11, మందం 4 మిల్లీమీటర్లు ఉండే బాల్ బేరింగ్ సరిగ్గా పడుతుంది. బేరింగుల వ్యాపారులు దాన్ని ఎంఆర్115 అనే సంఖ్యతో పిలుస్తారు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగుల దుకాణాలవారికి కారు పేరు చెబితే ప్రయోజనం ఉండదు, ఆ సంఖ్య చెబితేనే పని జరుగుతుంది. మోటారు మెరుపుల వల్ల రేడియోకు కలిగే అంతరాయాన్ని ఆపడానికి మోటారు కొసలకు, డబ్బాకు అతికించే మూడు చిన్న కెపాసిటర్లు 0.1 మైక్రోఫారడ్ విలువవి. వాటి మీద 104 అని ఉంటుంది, కోఠిలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలవారిని ఆ అంకెతో అడిగితే సరిపోతుంది. స్క్రూలు 3 మిల్లీమీటర్లవే. అయితే జపాన్ ప్రమాణం ప్రకారం చేసిన వాటి తలల గాడి మనం వాడే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌కు సరిగ్గా అందదు. బలంగా తిప్పితే గాడి చెడిపోయి స్క్రూ లోపలే ఉండిపోతుంది కాబట్టి, జపాన్ ప్రమాణపు స్క్రూడ్రైవర్ వాడమని ఈ పని మొదలుపెట్టే యువకులకు గట్టిగా చెబుతాను.

గేర్ల దగ్గర పని కొంచెం లోతుగా ఉంటుంది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక కారులో డిఫరెన్షియల్‌ను, అంటే మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే గేర్ల అమరికను, తిప్పే గేరుకు రెండు పళ్లు ఊడిపోయి ఉన్నాయి. ఆ కారు పేరు కానీ, భాగం సంఖ్య కానీ పెట్టె మీద లేవు. అయినా గేరు తన గురించి తానే చెప్పుకుంటుంది. పళ్లు లెక్కపెడితే ఇరవై. సన్నని కొలతలు తీసే వెర్నియర్‌తో కొలిస్తే వెలుపలి వ్యాసం 17.6 మిల్లీమీటర్లు. పళ్ల సంఖ్యకు రెండు కలిపి ఆ మొత్తంతో వెలుపలి వ్యాసాన్ని భాగిస్తే వచ్చేది మాడ్యూల్, అంటే పంటి పరిమాణాన్ని చెప్పే అంకె; ఇక్కడ 17.6ను 22తో భాగిస్తే 0.8 వచ్చింది. ఈ ఒక్క అంకె తెలిస్తే పళ్ల మధ్య దూరం సమానంగా వచ్చేలా తిప్పే డివైడింగ్ హెడ్ ఉన్న మిల్లింగ్ మెషిన్ మీద, డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీ నుంచి ఆ గేరును కోయవచ్చు. కాజీపేట రోడ్డులో నాకు తెలిసిన ఒక టర్నర్ ఆ పని చేసి ఇచ్చాడు. పెద్ద గేర్లు కోసే కట్టర్లే మన షాపుల్లో ఉంటాయి కనుక 0.8 కట్టర్‌ను మాత్రం బయటి నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. అమెరికా కార్లలో మాడ్యూల్ బదులు అంగుళాల లెక్కన పిచ్ వాడతారు. 25.4ను పిచ్‌తో భాగిస్తే మాడ్యూల్ వస్తుంది. ఆ లెక్కన 32 పిచ్ గేరు 0.794 అవుతుంది కాబట్టి 0.8 మాడ్యూల్‌తో దాదాపు కలిసిపోతుంది. 48 పిచ్ గేరు 0.529 మాత్రమే కనుక 0.6 మాడ్యూల్ గేరుతో ఎంతమాత్రం కలవదు; చూపుకు ఒకేలా ఉన్నాయని కలిపి బిగిస్తే కొద్దిసేపట్లోనే రెండింటి పళ్లూ పోతాయి. ఇంత చిన్న లెక్క ఎక్కడా తెలుగులో రాసి లేకపోవడం వల్ల మంచి గేర్లు ఎన్ని పాడవుతున్నాయో ఈ పనిలో ఉన్నవారికి తెలుసు.

ప్లాస్టిక్ భాగాలు అన్నింటికంటే కష్టమైనవి. ఒక కారులోనే నాలుగు రకాల ప్లాస్టిక్‌లు ఉంటాయి, ఒకదానికి పనికొచ్చే మందు మరొకదానికి విషం. ఏబీఎస్ ఛాసిస్ పగిలితే అసిటోన్ వంటి ద్రావకంతో అంచులను కరిగించి అతికించవచ్చు. అదే అసిటోన్ పాలీకార్బొనేట్ బాడీకి తగిలితే బాడీ నిండా సన్నని పగుళ్లు పడతాయి. డెల్రిన్‌కు ఏ జిగురూ సరిగ్గా పట్టదు. చక్రాలను పట్టి ఉంచే నైలాన్ చేతులు ఏళ్ల తరబడి పొడిగా ఉండి పెళుసుబారితే వేడినీళ్లలో నానబెట్టాలి. నైలాన్ నీటిని పీల్చుకునే పదార్థం కనుక కొంత గట్టితనం పోయి సాగే గుణం తిరిగి వస్తుంది. టైర్ల రబ్బరు ఎండకు, గాలిలోని ఓజోన్‌కు నెర్రెలిచ్చాక దానికి మందు లేదు. టైర్లను పాలీస్టైరిన్ ప్లాస్టిక్‌కు ఆనించి ఏళ్ల తరబడి ఉంచితే, రబ్బరులోని మెత్తబరిచే నూనెలు ఆ ప్లాస్టిక్‌ను కరిగించి అతుక్కుపోతాయి కనుక, కారును దాచేవారు చక్రాల కింద అలాంటి పలకలు లేకుండా చూసుకోవాలి.

పోయిన ప్లాస్టిక్ భాగాలను త్రీడీ ప్రింటర్‌తో చేసుకోవచ్చని యువకులు ఉత్సాహంగా చెబుతారు, అది నిజమే, కానీ పదార్థం ఎంపికలో మన వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. చవకగా, తేలికగా ప్రింటయ్యే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో రామగుండంలోనో వరంగల్‌లోనో ఎండలో నిలిపిన వాహనంలో ఆ భాగాన్ని వదిలేస్తే వంగిపోతుంది. మోటారు పక్కన పెట్టినా అంతే. సుమారు 105 డిగ్రీల వరకు ఓర్చుకునే ఏబీఎస్ ఇలాంటి చోట్లకు తగినది. పలుచని పాలీకార్బొనేట్ బాడీలను మాత్రం ప్రింటర్‌తో చేయలేం. వాటికి ఒక అచ్చు చెక్కి, వేడిచేసిన షీటును దాని మీద పరిచి, కింది నుంచి గాలిని లాగేయాలి. ఆ అచ్చు చెక్కగల చేతులు నిర్మల్‌లో ఉన్నాయని నా నమ్మకం. పొనికి కొయ్యను చెక్కి, చింతగింజల ముద్దతో అతికి నునుపు చేసి బొమ్మలు చేసే ఆ కళాకారులకు కారు బాడీ అచ్చు అసాధ్యమైన పని కాదు, పొనికి కంటే గట్టి కలప ఇస్తే చాలు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళకు ఇదొక కొత్త పనిగా కూడా ఉపయోగపడవచ్చు.

విద్యుత్ భాగాల్లో ఎక్కువ నష్టం చేసేది మరచిపోయిన బ్యాటరీ. రిమోట్‌లో వదిలేసిన ఆల్కలైన్ సెల్స్ నుంచి కారే పొటాషియం హైడ్రాక్సైడ్ రేకులను తినేసి, తీగ లోపలి రాగి వెంట చాలా దూరం పాకుతుంది. అది క్షారం కనుక వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో విరిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయాలి. నాటి కిట్ కార్లు 1.2 వోల్టుల నికెల్ కాడ్మియం సెల్స్ ఆరింటిని కలిపిన 7.2 వోల్టుల బ్యాటరీతో నడిచేవి. అదే వోల్టేజీ నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీని వాటికి నిర్భయంగా వాడవచ్చు. ఇప్పటి లిథియం పాలిమర్ బ్యాటరీని పాత యాంత్రిక స్పీడ్ కంట్రోలర్‌కు కలపడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే సెల్ వోల్టేజీ మితిమీరి పడిపోకుండా ఆపే ఏర్పాటు దానిలో లేదు. రేడియో విషయానికొస్తే, నాటివి 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, పౌనఃపున్యాన్ని స్థిరంగా ఉంచే క్రిస్టల్‌తో పనిచేసేవి. క్రిస్టల్ దొరకనప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ సెట్ పెట్టుకోవడమే మంచిది. తక్కువ శక్తితో వాడే పరికరాలకు ఈ రెండు పౌనఃపున్యాల్లోనూ మన దేశంలో 2005 నుంచి లైసెన్స్ మినహాయింపు ఉంది. అయితే తీసిన పాత భాగాలను పారేయకుండా ఒక సంచిలో వేసి కారుతోనే ఉంచాలన్నది నేను పాటించే నియమం. రేపు ఎవరైనా ఆ క్రిస్టల్‌ను సంపాదిస్తే కారు తన మొదటి రూపానికి తిరిగి వెళ్లగలగాలి.

ఒకప్పటి భాగాన్ని మనం చేసుకోవడం చట్టవిరుద్ధం కాదా అని కొందరు అడుగుతుంటారు. మన డిజైన్ల చట్టం, 2000 ప్రకారం నమోదైన డిజైన్‌కు పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు మాత్రమే రక్షణ ఉంటుంది. పేటెంటు గడువు ఇరవై ఏళ్లు. 1984లో అమ్మిన గేరు మీద ఆ హక్కులేవీ ఇప్పుడు మిగలవు. కంపెనీ పేరు, గుర్తు మాత్రం ఇంకా వారివే. కనుక మనం చేసిన భాగం మీద వారి గుర్తు వేయకూడదు, పాత అసలు భాగమని చెప్పి అమ్మకూడదు. నా అభిప్రాయంలో కొత్తగా చేసిన ప్రతి భాగం మీద కనబడని వైపున చేసిన సంవత్సరం చెక్కాలి. లేకపోతే కొన్నాళ్లకు ఏది అసలుదో ఏది తర్వాతిదో ఎవరికీ తెలియక, కొనేవారి నమ్మకం పోతుంది. ముందు డబ్బు తీసుకుని భాగం పంపనివారి వల్ల, ఫొటోలో ఒకటి చూపి పార్సిల్‌లో మరొకటి పంపినవారి వల్ల ఇప్పటికే ఆ నమ్మకం చాలా దెబ్బతిన్నది.

విదేశాల నుంచి తెప్పించుకోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కస్టమ్స్ టారిఫ్‌లో ఆటబొమ్మలు, చిన్న పరిమాణపు నమూనాలు రెండూ 9503 అనే ఒకే శీర్షిక కింద ఉన్నాయి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర తప్పనిసరైంది. నాసిరకం బొమ్మల నుంచి పిల్లలను కాపాడటానికి, దేశీయ తయారీదారులను నిలబెట్టడానికి తెచ్చిన ఈ నిబంధనలను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నలభై ఏళ్ల కిందటి కారుకు ఒక జత షాఫ్టులు తెప్పించుకునేవారిని, బొమ్మల కంటైనర్ దించే వ్యాపారిని నిబంధనలు వేరుగా చూడాలని మాత్రం కోరుతున్నాను. అమ్మకం ఆగిపోయిన నమూనాల విడిభాగాలను, వ్యక్తిగత వాడకానికి ఒకటి రెండు చొప్పున తెప్పించుకునేటప్పుడు, ప్రత్యేకంగా గుర్తించే ఏర్పాటు కేంద్రం చేయాలి. అది జరిగినా దూరదేశపు భాగం మీద ఆధారపడటం తగ్గదు కాబట్టి, ఇక్కడే చేసుకునే శక్తిని పెంచుకోవడమే నాకు ముఖ్యంగా తోస్తోంది.

ఆ శక్తికి కావలసిన యంత్రాలు మన దగ్గరే ఉన్నాయి లేదా వస్తున్నాయి. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని రాష్ట్ర ప్రభుత్వం 2024లో మొదలుపెట్టింది. అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్న పాఠశాలల్లో త్రీడీ ప్రింటర్లు ఉన్నాయి. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన మన వరంగల్ ఎన్‌ఐటీలో కొలతల ప్రయోగశాలలకు, వర్క్‌షాపులకు కొరత లేదు. హైదరాబాద్‌లో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ నమూనాల తయారీ కోసమే పుట్టింది, కానీ ఒక గేరు కోసం హనుమకొండ నుంచి అక్కడికి ప్రయాణం చేయడం విద్యార్థికి భారం. లేనిదల్లా ఈ యంత్రాలకు, బయటి మనిషి చేతిలోని విరిగిన భాగానికి మధ్య దారి. సంస్థలో చదవనివారు, పనిచేయనివారు ఆ గేటు లోపలికి వెళ్లి ఒక భాగాన్ని కొలిపించుకునే వీలు ఇవాళ లేదు.

కాబట్టి నా విన్నపం ఇది. వరంగల్, హనుమకొండల్లోని ఏదైనా ఒక ఐటీఐ కానీ పాలిటెక్నిక్ కానీ వారానికి ఒక సాయంత్రం తన వర్క్‌షాపును, ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో, ఇలాంటి పనికి తెరవాలి. అక్కడికి వచ్చిన ప్రతి పాత భాగాన్నీ విద్యార్థులు కొలిచి, పటం గీసి, పదార్థం పేరుతో సహా తెలుగులో, ఇంగ్లిష్‌లో నమోదు చేయాలి. ఆ పటాలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. ఊడిన పళ్ల గేరును కొలిచి పటం గీసే విద్యార్థి పాఠ్యపుస్తకంలోని కల్పిత గేరును గీసే విద్యార్థి కంటే ఎక్కువ నేర్చుకుంటాడని బోధనానుభవంతో చెబుతున్నాను. అరిగిన భాగాన్ని కొలిచేటప్పుడు ఎంత అరిగిందో ఊహించి, అరగకముందు కొలత ఎంతో నిర్ణయించాలి. దానికి జత భాగాన్ని కూడా కొలవాలి, తయారీదారు ఏ ప్రమాణం పాటించాడో ఆలోచించాలి. 4.93 అని వెర్నియర్ చూపితే అది 5 మిల్లీమీటర్ల షాఫ్టు అరిగినదా, లేక అంగుళాల్లో చేసిన వేరే షాఫ్టా అని తేల్చుకోవడమే అసలైన విద్య. ఇదే నేర్పు రేపు ఆసుపత్రిలో ఆగిపోయిన పాత పంపుకు, మిల్లులో దొరకని మర చక్రానికి, రైతు స్ప్రేయర్‌లో అరిగిన వాల్వ్‌కు పనికొస్తుంది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్‌ను కూడా ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అందులో మొదటి నాలుగు రంగాలు. ఆ ఆలోచనను ఒక అడుగు ముందుకు తీసుకెళ్లి, ఒక విడిభాగం అమ్మకాన్ని ఆపేసే కంపెనీ దాని కొలతల పటాన్ని ప్రజలకు విడుదల చేయాలనే నిబంధన తేవాలని కోరుతున్నాను. లాభం లేదని తయారీ మానుకునే స్వేచ్ఛ కంపెనీకి ఉండవచ్చు. ఆ వస్తువును డబ్బిచ్చి కొన్నవారికి దాన్ని నిలబెట్టుకునే వీలు కూడా ఉండాలి.

పాఠకులకు చిన్న మనవి. మీ అటక మీద అలాంటి కారు ఉంటే ముందుగా రిమోట్‌లోని సెల్స్ తీసేయండి. నీళ్లతో కడగవద్దు, నడుస్తుందేమో చూద్దామని కొత్త సెల్స్ వేసి మీట నొక్కవద్దు; గట్టిపడిన గ్రీజులో ఇరుక్కున్న గేరు ఆ ఒక్క నొక్కుతోనే పళ్లు పోగొట్టుకోవచ్చు. పెట్టె, పుస్తకం, చిరిగిన స్టిక్కర్ ముక్కలైనా సరే దాచండి. స్టిక్కర్లను స్కాన్ చేసి మళ్లీ అచ్చువేయడానికి ఆ ముక్కలే ఆధారం. పూర్తిగా విరిగిపోయిన కారును కూడా తుక్కుకు ఇవ్వకండి, అందులో మిగిలిన మంచి గేరు మరో ఊళ్లోని కారును నడిపిస్తుంది, దాని కొలత పటంగా మారితే ఇంకెన్నింటినో నడిపిస్తుంది.

పైన చెప్పిన సంస్థల అధిపతుల్లో ఏ ఒక్కరైనా ఒక సాయంత్రాన్ని, ఒక బల్లను కేటాయించడానికి ముందుకొస్తే, నేను ఇంతవరకు గీసిన గేర్ల, షాఫ్టుల, బుష్‌ల పటాలన్నింటినీ, పైన చెప్పిన 0.8 మాడ్యూల్ కట్టర్‌తో సహా, ఏ షరతూ లేకుండా వారికి అప్పగిస్తాను. విద్యార్థులకు కొలవడం నేర్పడానికి ప్రతి వారం స్వయంగా వస్తాను. నా చిరునామా మీ కార్యాలయంలో ఉన్నది. ఆసక్తి ఉన్నవారు మీ ద్వారా నాకు తెలియజేసేలా చూడవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
హనుమకొండ.